ఇండియన్ ఓషన్, మా గోదారి కాలవ, ఒక డప్పు

పాలకొల్లులో మా చిన్నప్పుడు పాటలు కావాలంటే రికార్డింగ్ సెంటర్‌కే వెళ్లాలి. కాగితం మీద లిస్టు రాసి, ఖాళీ టీడీకే కేసెట్ ఇచ్చి వస్తే రెండు మూడు రోజుల్లో ఎక్కించి ఇచ్చేవాళ్లు. అరవై నిమిషాల కేసెట్‌లో ఎన్ని పాటలు పడతాయో, చివరి పాట సగంలో తెగిపోకుండా ఉండాలంటే ఏది ఎటువైపు పెట్టాలో అక్కడ కూర్చునే అన్నయ్యకి కొట్టినపిండి. ఆ కొట్టు గోడకి ఉన్నవి రెండే అరలు. ఒకటి సినిమా పాటలకి, రెండోది భక్తి పాటలకి. సినిమాకీ దేవుడికీ కాకుండా, నలుగురు మనుషులు ఒక గదిలో కూర్చుని తమకోసం తాము కట్టుకున్న పాటలు కూడా ఉంటాయని నాకు తెలిసింది 2000 దాటాకే. ఢిల్లీలో చదువుకుంటున్న మా బాబాయి కొడుకు సంక్రాంతికి వస్తూ ఒక కేసెట్ తెచ్చాడు. కేసెట్ పేరు కందీసా. బ్యాండ్ పేరు ఇండియన్ ఓషన్.

కనుమ రోజు వాడు రేవు దాటి జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లిపోయాడు. నేను జ్వరంతో ఇంట్లో ఉండిపోయాను. వసారాలో మడత మంచం వేసుకుని టేప్‌రికార్డర్ పక్కన పెట్టుకున్నాను.

మొదట పట్టుకున్నది గిటారు. అప్పటిదాకా గిటారంటే నాకు సినిమాలో హీరో మెళ్లో వేసుకుని ఊగేదే. సుస్మిత్ సేన్ గిటారు అలా లేదు. తీగలన్నీ కలిపి గీకడం ఉండదు. ఒక్కో తీగా విడిగా మీటుతూ, రాగం విప్పుకుంటూ పోతాడు. కింద రాహుల్ రామ్ బేస్ గిటారు తాళానికి తోడుగా ఉండిపోదు, తనూ ఒక పాట పాడుతూ ఉంటుంది. అమిత్ కిలమ్ డ్రమ్స్ వాయిస్తాడు, మధ్యలో గబ్‌గుబీ అనే వాద్యం అందుకుంటాడు. బెంగాల్ బావుల్ గాయకులు చంకలో పెట్టుకుని ఒక చేత్తో తీగ లాగి, రెండో చేత్తో మీటే వాద్యం అది. ఆ పేరు తెలియని రోజుల్లోనే ఆ చప్పుడు నాకు తెలుసు. శ్రీకాకుళం వైపు నుంచి జముకుల కథ చెప్పేవాళ్లు ఒకసారి మా వీధికి వచ్చారు. జముకు కూడా అలాగే తీగ బిగించి మీటే వాద్యమే. ఢిల్లీ బ్యాండ్ కేసెట్‌లో మా వీధిలో విన్న చప్పుడు వినబడేసరికి జ్వరం మాట మర్చిపోయి లేచి కూర్చున్నాను.

వీళ్లందరి మధ్యా అశీమ్ చక్రవర్తి. ఆయన తబలా వాయిస్తూనే పాడతాడు. గొంతు సన్నంగా, నున్నగా ఉండదు. వేళ్లు దరువు మీద పడే చోటే మాటా పడుతుంది, వేళ్లు ఆగే చోట గొంతూ ఆగుతుంది. ఈ సంగతి నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. మళ్లీ చెబుతాను.

కేసెట్ పేరు పెట్టుకున్న పాట మొదలయింది. పక్కింట్లో ఒక టీచరుగారు ఉండేవారు. ఆదివారం చర్చి మానని మనిషి. నరసాపురానికి బౌడెన్, బీర్ అనే మిషనరీలు వచ్చింది 1830ల్లో. అప్పటినుంచి మా వైపు పేటల్లో తెలుగు కీర్తనలు పాడుకుంటూనే ఉన్నారు. ఆవిడ కీర్తన ఎత్తితే వీధి చివరిదాకా వినబడేది. బట్టలు ఆరేస్తున్నావిడ ప్రహరీ గోడ దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"ఏం నాన్నా, ఏ భాష పాట అది?"

కేసెట్ లోపలి కాగితం చూసి చెప్పాను. కేరళ సిరియన్ క్రైస్తవులు పాడుకునే ప్రార్థన, అరమాయిక్ భాష అని.

"అరమాయికా? యేసుప్రభువు మాట్లాడిన భాష కదా అది! ఏదీ, మళ్లీ మొదటినుంచి పెట్టు."

రివైండ్ చేశాను. చేతిలో తడి చీర అలాగే పట్టుకుని పాట అయ్యేదాకా కదల్లేదు. కొంగులోంచి నీళ్లు గోడ మీద కారుతున్నాయి. అయిపోయాక, "వీళ్లు చర్చి వాళ్లు కాదు కదా" అన్నారు. కాదన్నాను. "అయినా పాడారే" అని వెళ్లిపోయారు. ఒక పాట ఎంత దూరం రాగలదో ఆ మధ్యాహ్నం నా కళ్లతో చూశాను. పాటల మీద రాయాలన్న కోరిక అక్కడే పుట్టిందని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ కేసెట్‌లో ఇంకో పాట మా రేవా. రేవా అంటే నర్మద. రాహుల్ రామ్ అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీలో పర్యావరణ విషశాస్త్రంలో డాక్టరేట్ చేసి వచ్చి, నర్మద మీద ఆనకట్టల వల్ల ఊళ్లు మునిగిపోతాయని సాగిన నర్మదా బచావో ఆందోళనలో పనిచేసిన మనిషి. నర్మద ఒడ్డున జనం పాడుకునే పాటను బ్యాండ్‌లోకి తెచ్చారు. నదిని అమ్మా అని పిలవడం గోదారి వాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. అందుకే హిందీ అంతగా రాని మా ఇంట్లో కూడా ఆ పాట అందరి నోటా ఆడింది. తర్వాత్తర్వాత పోలవరం పనులు సాగి, ఎగువన దేవీపట్నం వైపు ఊళ్లు ఖాళీ అయినప్పుడు ఆ పాట నాకు పండగ పాటలా వినబడ్డం మానేసింది. పాట అదే, అందులో ఒక్క అక్షరం మారలేదు.

భీమవరంలో డిగ్రీ చదివేటప్పుడు ఒక చిన్న మాసపత్రికకి పాటల సమీక్షలు రాయడం మొదలుపెట్టాను. జిల్లా దాటి వెళ్లని పత్రిక. అప్పట్లో పాట మీద ఎవరు ఏం రాసినా వీనులవిందు, మధురం, గుండెను తాకింది అనేవాళ్లు. అవి చదివితే పాట ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. ఒక పెళ్లిలో సన్నాయి వాయించే పెద్దాయన పక్కన కూర్చునే అవకాశం దొరికింది. వాయిద్యం పక్కన పెట్టి కాఫీ తాగుతూ ఆయన ఒక మాటన్నారు: "రాగం గురించి తర్వాత చూద్దూగాని, వాయించేవాడు ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడో ముందు అది చూడు బాబూ." అదే నాకు సమీక్ష రాయడంలో మొదటి పాఠం, నిజానికి ఇప్పటికీ అదొక్కటే పాఠం. ఎవరి చెయ్యి ఏం చేస్తోంది, ఎవరు ఎవరికోసం ఆగుతున్నారు, ఎక్కడ ఖాళీ వదిలారు. ఇవి రాస్తే చాలు, చదివేవాళ్లకి పాట వినబడుతుంది.

2003లో ఝీనీ వచ్చినప్పుడు అలాగే రాశాను. కబీర్ పదం చుట్టూ కట్టిన పాట పేరే ఆల్బమ్ పేరు కూడా. కందీసాలో పొంగు ఉంది, ఝీనీలో నిదానం ఉంది. అప్పటికి వెనక్కి వెళ్లి పాతవి కూడా సంపాదించుకున్నాను. సుస్మిత్ సేన్, అశీమ్ చక్రవర్తి కలిసి బ్యాండ్ పెట్టింది 1990లో. మొదటి ఆల్బమ్ 1993లో హెచ్‌ఎంవీ వేసింది. తర్వాతది 1997 నాటి డెజర్ట్ రెయిన్, స్టూడియోలో కాకుండా కచేరీలో రికార్డు చేసింది. వరసలో పెట్టుకుని వింటే గిటారు చుట్టూ మొదలైన సంగీతం ఒక్కో ఆల్బమ్‌కీ గొంతు వైపు జరుగుతూ రావడం తెలుస్తుంది. ఆ జరగడం నాకు చాలా నచ్చింది. కాలవలో నీళ్లు వదిలాక మొదటి రోజు బురదగా ఉండి, వారానికి తేటపడ్డట్టు ఉండేది.

తర్వాత బ్లాక్ ఫ్రైడే సినిమాకి వాళ్లు చేసిన బందే పాట వచ్చింది. పీయూష్ మిశ్రా రాశారు. కోర్టు స్టే వల్ల సినిమా 2007 దాకా విడుదల కాలేదు కానీ పాట ఆగలేదు, కాలేజీ హాస్టళ్లన్నీ తిరిగింది. అందులో వాళ్ల శబ్దం ముతకబడింది, పెద్దదయింది. బ్యాండ్ సినిమాకి అమ్ముడుపోయిందని మా స్నేహితుల్లో కొందరు కోప్పడ్డారు. నాకు అలా అనిపించలేదు. బాంబు పేలుళ్ల మీద తీసిన సినిమాకి ఝీనీలోని నిదానం ఎలా సరిపోతుంది? పాట దేనికోసమో దానికి తగ్గట్టు గొంతు పెంచారు. సమీక్షలో అదే రాశాను.

ఆ స్నేహితులతోనే మేమూ ఒక బ్యాండ్ కట్టాం. భీమవరంలో రొయ్యల మేత అమ్మే కొట్టు పైన ఒక గది. సాయంత్రమైతే మేత వాసన మెట్లెక్కి పైకి వచ్చేది. ఒకడు గిటారు, ఒకడు కంజీర, నేను పాటలు రాసి పాడేవాణ్ని. మా అందరికీ ప్రాణం మా డప్పు వాయించేవాడు. వాడి నాన్నగారు జాతర్లలో గరగల (అమ్మవారి పేరున అలంకరించిన కుండల) ముందు డప్పు వాయించేవారు. గరగ నెత్తిన పెట్టుకుని ఆడేవాళ్ల అడుగుని బట్టి దరువు మారాలి, దరువుని బట్టి అడుగు మారాలి. ఎవరు ఎవర్ని నడిపిస్తున్నారో చెప్పలేం. వాడి చేతిలో ఆ దరువులన్నీ ఉన్నాయి. గదిలోకి వస్తూనే డప్పు సెగ చూపించడానికి పాత పేపర్లు వెదికేవాడు. మేడ మీద మంట పెడుతున్నామని ఇంటివాళ్లతో రోజూ గొడవే. చర్మం బిగిసిందో లేదో వేలి గోరుతో చిన్నగా కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, "ఇంకొంచెం కాగాలి మావా" అనేవాడు. కాగాక డప్పు వాయించే రెండు పుల్లలు, చిటికెన పుల్ల, సిర్రా అందుకుంటే గది కిటికీ అద్దాలు అదిరేవి.

మా మొదటి పాట నరసాపురం, సఖినేటిపల్లి మధ్య వశిష్ఠ గోదారి దాటించే పంటు మీద. ఇంజను మొదలయ్యేటప్పటి దరువు, నది మధ్యకి వచ్చాక పట్టే దరువు, అవతలి రేవు దగ్గర నెమ్మదించే దరువు, మూడూ వాడే పట్టాడు. దాని మీదే నేను మాటలు కట్టాను. ఇండియన్ ఓషన్ లాగా ఉండాలని కట్టిన పాట అది, దాచుకోవలసిందేమీ లేదు. అభిమానంతో పుట్టే మొదటి పాట అలాగే ఉంటుంది.

2008లో వాడు కువైట్ వెళ్లిపోయాడు, డ్రైవరు పని మీద. మా వైపు, ముఖ్యంగా కోనసీమలో, ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు. అప్పులు, చెల్లి పెళ్లి, అన్నీ ఉన్నాయి. ఆపడానికి మాకు నోరెక్కడిది? వాడు వెళ్లాక వేరే కుర్రాణ్ని తెచ్చుకున్నాం. మంచి చెయ్యి, తప్పు లేకుండా వాయించేవాడు. అయినా పంటు పాట నడవలేదు. నా మాటలన్నీ పాతవాడి దరువు మధ్య ఖాళీల్లో పుట్టినవి. కొత్త దరువులో ఆ ఖాళీలు వేరేచోట ఉన్నాయి. మాట ఎత్తుకున్న ప్రతిసారీ ఎవరి కాలో తొక్కినట్టయ్యేది. కొన్ని నెలలు లాగి వదిలేశాం.

2009 డిసెంబరు 25న అశీమ్ చక్రవర్తి పోయారని తెలిసింది. క్రిస్మస్ రోజు. పక్కింటి టీచరుగారికి నేనే వెళ్లి చెప్పాను, ఆ అరమాయిక్ పాట బ్యాండ్‌లో పాడే ఆయన పోయారని. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత లోపలికి వెళ్లి కేకు ముక్క తెచ్చి చేతిలో పెట్టారు.

ఆ బ్యాండ్ ఇక ఉండదని చాలామంది అనుకున్నారు. 2010లో వాళ్లు కొత్త పాటల్ని నెలకొకటి చొప్పున తమ వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టడం మొదలుపెట్టారు. ఆల్బమ్ పేరు 16/330 ఖజూర్ రోడ్. ఢిల్లీ కరోల్‌బాగ్‌లో ఏళ్ల తరబడి వాళ్లు సాధన చేసిన పాత బంగళా చిరునామా అది. అశీమ్ గొంతు ఉన్న చివరి ఆల్బమ్ కూడా అదే. ఆల్బమ్‌కి ఇంటి అడ్రసు పేరుగా పెట్టడం నాకెంత నచ్చిందో చెప్పలేను. మా మేత కొట్టు మీది గది కళ్లముందు కదిలింది. బ్యాండ్ శబ్దంలో సగం వాళ్లు కూర్చున్న గదిది.

అశీమ్ తర్వాత ఆయన చోటులోకి ఇద్దరు వచ్చారు. తబలాకి తుహీన్ చక్రవర్తి, గొంతుకి హిమాంశు జోషి. కొన్నాళ్లకి వాళ్ల కచేరీ వినడానికి హైదరాబాద్ వెళ్లాను. కందీసా నాటి పాటే మొదలుపెట్టారు. ఒకరు చేసిన పనిని ఇద్దరు చేస్తుంటే పాటకి ఏమవుతుందో అప్పుడు కళ్లారా చూశాను. అశీమ్ పాడినప్పుడు మాట దరువుకి కట్టేసి ఉండేది, ఎందుకంటే రెండూ ఒకే ఒంట్లోంచి వచ్చేవి. ఊపిరి ఒకటే. ఇప్పుడు గొంతుకి విడిగా ఊపిరి ఉంది. హిమాంశు జోషి దరువుని వదిలి పైకి వెళ్లి, ఇష్టమైన చోట దిగుతున్నాడు. తబలా కూడా గొంతు కోసం కాచుకోవడం మాని తన దారిలో పోతోంది. పాత బిగువు పోయింది, కొత్త వెడల్పు వచ్చింది. సన్నాయి పెద్దాయన చెప్పిన మాట మళ్లీ చెవిలో పడింది. ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడో చూడు.

మా పంటు పాట ఎందుకు నడవలేదో కూడా ఆ రాత్రే నాకు తెలిసింది. మేం కొత్త కుర్రాణ్ని పాతవాడి చోట కూర్చోబెట్టి, పాతవాడిలా వాయించమన్నాం. ఇండియన్ ఓషన్ వాళ్లు వచ్చినవాళ్ల ఊపిరికి తగ్గట్టు పాటనే వెడల్పు చేశారు. నేను ఎంతో ప్రేమించిన శబ్దం మారిపోయిందని బాధపడనా? పడ్డాను. అశీమ్ గొంతు వినాలనిపించిన రోజు ఇప్పటికీ పాత ఆల్బమే పెట్టుకుంటాను. కానీ ఆయన లేకుండా ఆయన శబ్దం చేయమని ఎవర్నీ అడగను.

2013లో సుస్మిత్ సేన్ కూడా బయటికి వచ్చేశారు. గిటారు నిఖిల్ రావు చేతికి వచ్చింది, ఎలక్ట్రిక్ గిటారు వేడి పెరిగింది. 2014లో తాందను ఆల్బమ్ వచ్చింది. పాటపాటకీ బయటినుంచి ఒక పెద్ద కళాకారుణ్ని పిలిచారు. శుభా ముద్గల్, విశ్వమోహన్ భట్, శంకర్ మహదేవన్, సెల్వగణేశ్ ఇలా. నాకు అందులో కొన్ని పాటలు అతిథి ఇంటికొచ్చినప్పటి మర్యాదలా, అందరూ సర్దుకుని కూర్చున్నట్టు అనిపించాయి. కొన్ని మాత్రం భలేగా తెరుచుకున్నాయి. నాలుగ్గోడల మధ్య బతికిన బ్యాండ్ తలుపులు తీసిందని సమీక్ష రాశాను. అది నేను రాసినవాటిలో నాకిష్టమైనది.

ఆ సమీక్ష రాశాక మళ్లీ నా సొంత పని మీద మనసు పడింది. అయితే ఈసారి పాట కట్టాలని కూర్చోలేదు, వినడం మొదలుపెట్టాను. చిన్న జూమ్ రికార్డర్ కొనుక్కుని సెలవు రోజుల్లో డెల్టా అంతా తిరిగాను. విజ్జేశ్వరం లాకుల దగ్గర తలుపులు ఎత్తేటప్పటి మోత. జూన్‌లో కాలవలు వదిలిన రోజు ఎండిన తూముల్లోంచి నీళ్లు దూరే చప్పుడు. ద్రాక్షారామం వైపు వీరనాట్యం వాళ్లు వాయించే వీరణం. అంతర్వేది తీర్థం సందడి.

అలా తిరుగుతుంటేనే ఇంకో సంగతి తట్టింది. మారింది బ్యాండ్ శబ్దం ఒక్కటే కాదు, మా డెల్టా శబ్దం కూడా మారిపోయింది. నా చిన్నప్పుడు మా అమ్మమ్మగారి ఊళ్లో రాత్రి అంటే కప్పలు, కీచురాళ్లు, ఎక్కడో ఒక పంపుసెట్టు. ఇప్పుడు భీమవరం చుట్టూ వరిచేలు చెరువులైపోయాయి. 2009లో వనామీ రొయ్యకి అనుమతి వచ్చాక మరీ. రాత్రయితే చెరువు నీళ్లలో ఆక్సిజన్ తగ్గిపోతుంది, తెల్లవారుజామున ఇంకా ప్రమాదం. డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, పడిపోతే పంట మొత్తం తేలిపోతుందని రైతుకి ఒకటే టెన్షన్. అందుకని రాత్రంతా ఏరేటర్లు తిప్పుతారు. చక్రాలు నీళ్లని కొడుతూ ఒకే దరువు. ఒక్కో చెరువుది ఒక్కో వేగం. గట్టు మీద నిలబడితే రెండు మూడు చెరువుల దరువులు కాసేపు కలుస్తాయి, మళ్లీ విడిపోతాయి. కరెంటు పోతే అన్నీ ఒక్కసారి ఆగిపోతాయి. వెంటనే జనరేటర్లు అందుకుంటాయి. మొదట్లో ఆ మోత మీద నాకు కోపం ఉండేది. రికార్డర్ పెట్టి హెడ్‌ఫోన్స్‌లో వినడం మొదలుపెట్టాక, అది కూడా కొందరి బతుకు దరువేనని ఒప్పుకోవలసి వచ్చింది.

పోయినవి కూడా ఉన్నాయి. ఊడ్పుల్లో పాడే ఆడవాళ్లు తగ్గిపోయారు. నాట్లు వేసే యంత్రాలు వచ్చాయి, కొన్నిచోట్ల విత్తనాలు వెదజల్లేస్తున్నారు, వంగి నడిచే వరసే లేకపోతే పాట ఎవరికి? మొగల్తూరు దగ్గర ఒక మామ్మగారు మంచం మీద కూర్చుని ఊడ్పు పాట మొదలుపెట్టి, సగంలో ఆగిపోయారు. మర్చిపోయారేమో అనుకున్నాను. కాదట. "కూర్చుని పాడితే రాదయ్యా, వంగాలి" అన్నారు. మనవరాలు వద్దంటున్నా లేచి, నడుం వంచి, చేత్తో నారు నాటుతున్నట్టు చేస్తూ మొత్తం పాడారు. వెనక్కి అడుగు వేసినప్పుడల్లా మాట తెగుతుంది, అడుగు పడ్డాక అందుకుంటుంది. అశీమ్ వేళ్లూ గొంతూ ఎలాగో ఆవిడ నడుమూ గొంతూ అలాగ.

ఈ రికార్డింగులతోనే ఇప్పుడు ఒక ఆల్బమ్ చేస్తున్నాం. పాత స్నేహితుల్లో గిటారు వాడు తణుకులో ఉన్నాడు, ఆదివారం వస్తాడు. మా డప్పు ఇంకా కువైట్‌లోనే ఉన్నాడు. అక్కడ గదిలో డప్పు కాచుకునే వీలు లేదు, ఎండలో పెట్టుకుంటాడు. ఏరేటర్ రికార్డింగు పంపిస్తే దానిమీద దరువు వేసి ఫోన్‌లో రికార్డు చేసి పంపించాడు. వాడి చెయ్యి కూడా మారింది. ముందు దరువుకీ దరువుకీ మధ్య తోసుకొచ్చేవాడు, ఇప్పుడు ఆగుతున్నాడు. పంటు పాటని ఆ కొత్త చేతికి తగ్గట్టు నేను మళ్లీ రాశాను, పాత మాటల్లో మిగిలినవి రెండు మూడు చరణాలే.

ఇండియన్ ఓషన్ వాళ్ల తూ హై ఆల్బమ్ 2023లో వచ్చింది, తాందను తర్వాత తొమ్మిదేళ్లకి. దానిమీద రాయాలని నోట్స్ అన్నీ పెట్టుకున్నాను. మా ఆల్బమ్‌లో ఊడ్పు పాట పని అయ్యాక రాస్తాను. ఆ పాటకి ఇంకో రెండు మూడు రకాలు కావాలి. ఆచంట, పోడూరు, యలమంచిలి వైపు, లేదా అవతలి ఒడ్డున రాజోలు, మలికిపురం వైపు ఎవరింట్లోనైనా ఊడ్పు పాటలు గుర్తున్న మామ్మగార్లు ఉంటే ఒక్క మాట చెప్పండి. రికార్డర్ పట్టుకుని నేనే వస్తాను. ఏ రోజైనా ఫర్వాలేదు, వాళ్లకి ఓపిక ఉన్న పూట వస్తాను.